రైన్ ఒడ్డున కాలిపోయిన సైట్లు

2021 మార్చి 10, బుధవారం. అర్ధరాత్రి దాటి 47 నిమిషాలైంది.

ఫ్రాన్స్ తూర్పు కొసన స్ట్రాస్‌బర్గ్ నగరం. రైన్ నది దాటితే జర్మనీ. నది రేవు పక్కన ఒకే ఆవరణలో నాలుగు డేటా సెంటర్లు. వాటిలో ఎస్‌బీజీ 2 అని పిలిచే ఐదంతస్తుల భవనంలో నిప్పు రాజుకుంది. కరెంటు పోయినా సర్వర్లు ఆగకుండా చూసే యూపీఎస్‌ల గదిలోంచి పొగ లేచింది. డ్యూటీలో ఉన్న కొద్దిమందీ బయటికి వచ్చేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి మొత్తం మీద మంచి కబురు అదొక్కటే.

ఫైరింజన్లు వేగంగానే వచ్చాయి. కానీ లోపలికి అడుగుపెట్టే వీల్లేదు. విద్యుత్ గది తలుపు దగ్గర కరెంటు మెరుపులు ఎగసిపడుతున్నాయి. అలాంటి చోట నీళ్లు కొడితే కొట్టినవాడి ప్రాణమే పోతుంది. ముందు కరెంటు ఆపాలి. ఆపడానికి భవనం మొత్తానికీ కలిపి ఒక్క మీట లేదు. కరెంటు ఒక్క క్షణం కూడా పోకూడదని కట్టిన భవనంలో ఆ కరెంటును ఆపడమే గండమై కూర్చుంది. పూర్తిగా ఆగేసరికి గంటలు గడిచిపోయాయి.

ఆలోగా మంట పైపైకి పాకింది. అగ్నిమాపక శాఖ ఏడాది తర్వాత బయటపెట్టిన నివేదిక చదివితే కారణాలు వరసగా కనిపిస్తాయి. మంటను దానంతటదే ఆర్పే వ్యవస్థ లేదు. అంతస్తుల మధ్య చెక్క వాడారు, అది ఒక గంట సేపు మంటను తట్టుకునే రకం. ఏసీల ఖర్చు లేకుండా బయటి గాలితోనే సర్వర్లను చల్లబరచాలని చేసిన కట్టడం మంటకు పొగగొట్టంలా పనిచేసింది. సుమారు వందమంది ఫైర్‌మెన్ పోరాడారు. ఫ్రాన్స్, జర్మనీ ఉమ్మడిగా నడిపే ‘యూరోపా 1’ అనే ఫైర్ బోటు రైన్ నదిలోంచి నీళ్లు తోడి కొట్టింది. అయినా 4 గంటల 9 నిమిషాలకల్లా ఎస్‌బీజీ 2 బూడిదైంది. పక్కనున్న ఎస్‌బీజీ 1లో కొంత భాగం కూడా కాలింది. మిగతా రెండూ నిలిచాయి గానీ కరెంటు తీసేయడంతో అవీ చీకట్లోనే ఉండిపోయాయి.

మంట పుట్టిన చోట థర్మల్ కెమెరాలకు రెండు యూపీఎస్‌లు తగలబడుతూ కనిపించాయి. అందులో ఒకదానికి ముందురోజే మరమ్మతు చేసి, భాగాలు మార్చి, మళ్లీ ఆన్ చేశారు. ఈ సంగతి సంస్థ అధిపతి ఆక్టేవ్ క్లాబా తానే వీడియోలో చెప్పాడు. తర్వాత జరిగిన ప్రభుత్వ దర్యాప్తు నీటి చెమ్మ వైపు కూడా వేలు చూపింది గానీ, ఇదే కారణమని తేల్చి చెప్పలేదు.

ఆ సంస్థ పేరు ఓవీహెచ్ క్లౌడ్. పోలండ్‌లో పుట్టి ఫ్రాన్స్‌కు వచ్చిన క్లాబా 1999లో పెట్టాడు. యూరప్‌లోని అతిపెద్ద హోస్టింగ్ సంస్థల్లో ఒకటి. గల్లీ కంపెనీ కాదు, నిన్నగాక మొన్న పుట్టిందీ కాదు. ఎవరైనా ‘నమ్మకమైన ప్రొవైడర్ ఎవరు’ అని యూరప్‌లో వాకబు చేస్తే మొదట వినిపించే పేర్లలో అదొకటి. ఈ గాథలో అసలు కలవరపెట్టేది అదే.

తెల్లవారుజామున మూడున్నర దాటాక క్లాబా ట్విట్టర్‌లో నాలుగు ముక్కలు రాశాడు. మంటలు అదుపులోకి రాలేదు, ఆవరణ మొత్తాన్నీ ఆపేశాం, మీ మీ విపత్తు ప్రణాళికలను అమల్లో పెట్టుకోండి. మన దగ్గర అప్పటికి ఉదయం ఎనిమిది దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు మున్సిపల్ ఎన్నికల పోలింగ్, జనం క్యూలలో నిలబడి ఉన్నారు. యూరప్‌లో ఇంకా నిద్ర లేవని లక్షలమందికి తమ దుకాణం తగలబడిందని తెలియదు.

విపత్తు ప్రణాళిక అమలు చేయమన్నాడు సరే, అది ఎంతమంది దగ్గరుంది?

నెట్‌క్రాఫ్ట్ అనే సంస్థ లెక్క ప్రకారం 4,64,000 డొమైన్ల కింద ఉన్న 36 లక్షల సైట్లు ఆ రోజు ఆగిపోయాయి. ఫ్రాన్స్ ప్రభుత్వ డేటా పోర్టల్ ఆగింది. పారిస్‌లోని పాంపిడూ సెంటర్ సైటు ఆగింది. ‘రస్ట్’ అనే ఆన్‌లైన్ ఆటకు యూరప్‌లో ఉన్న 25 సర్వర్లు కాలిపోయాయి. ఆడేవాళ్లు కట్టుకున్నదంతా పోయిందని, మళ్లీ తేలేమని ఆ ఆట తయారుచేసిన సంస్థ ప్రకటించింది. ఇవి పేరున్నవి కాబట్టి పత్రికలకెక్కాయి. మిగతా లక్షల సైట్లు ఎవరివి? ఊళ్లో బేకరీది, దంత వైద్యుడిది, డ్రైవింగ్ స్కూలుది. వాళ్లలో చాలామందికి స్ట్రాస్‌బర్గ్‌లో తమకో సర్వర్ ఉందనే తెలిసి ఉండదు. వాళ్లకు తెలిసింది సైటు చేసిపెట్టిన మనిషి ఫోన్ నంబర్ మాత్రమే.

ఆ మనిషినే మన వ్యాపార భాషలో రీసెల్లర్ అంటున్నాం.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక వెబ్ డిజైనర్ ఉంటాడు. నగల షాపుకో, నర్సింగ్ హోమ్‌కో, స్కూలుకో సైటు చేసిస్తాడు. సైటు పెట్టడానికి చోటు కావాలి. క్లయింట్‌ను ‘మీరే వెళ్లి హోస్టింగ్ కొనుక్కోండి’ అంటే కుదరదు, ఆయనకు అదంతా తెలియదు. అందుకని డిజైనరే ఒక పెద్ద ప్రొవైడర్ దగ్గర రీసెల్లర్ ప్లాన్ తీసుకుంటాడు. అందులో ముప్పయ్యో యాభయ్యో ఖాతాలు తెరుచుకునే వీలుంటుంది. ఒక్కో క్లయింట్‌కు ఒక్కో ఖాతా. నేమ్‌సర్వర్ల మీద తన కంపెనీ పేరే పెట్టుకుంటాడు, బిల్లు మీద తన లోగోనే ఉంటుంది. వెనకున్న అసలు సంస్థ పేరు ఎక్కడా కనపడదు. ఏడాదికోసారి రెన్యువల్ డబ్బులొస్తాయి. ఇందులో మోసం లేదు, నికార్సైన వ్యాపారం. చిన్న ఏజెన్సీలకు నెలనెలా జీతాలిచ్చే ధైర్యం ఈ రెన్యువల్స్ వల్లే వస్తుంది.

పేరు తనది పెట్టుకున్నాక పూచీ కూడా తనదే అవుతుంది. సైటు పడిపోయిన రోజు షాపు యజమాని స్ట్రాస్‌బర్గ్‌కు ఫోన్ చేయడు. “ఏం బాబూ, పొద్దుట్నుంచీ మన సైటు తెరుచుకోవట్లేదు, ఆర్డర్లన్నీ ఆగిపోయాయి” అని డిజైనర్‌కే చేస్తాడు. “పైనుంచి ప్రాబ్లమండీ, టికెట్ పెట్టాను” అంటే ఒక పూట వింటాడు. “మీ డేటా పోయిందండీ” అనే మాట ఎవరి నోటి నుంచి రావాలి?

ఓవీహెచ్‌పై కోర్టుకెక్కినవాళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన బాటీ కూర్తాజ్ అనే చిన్న సంస్థ ఒకటి. ఈ కేసును నేను ప్రత్యేకంగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే వాళ్లు అజాగ్రత్తగా ఉన్నవాళ్లు కాదు. సర్వర్‌తో పాటు అదనంగా డబ్బు కట్టి ఆటోమేటిక్ బ్యాకప్ కూడా తీసుకున్నారు. బ్యాకప్ కాపీ, సర్వర్ ఉన్న వ్యవస్థ నుంచి భౌతికంగా వేరుగా ఉంటుందని ఒప్పందంలో రాసి ఉంది. మంటలు ఆరాక తేలిందేమిటంటే సర్వరూ ఎస్‌బీజీ 2లోనే, దాని బ్యాకపూ ఎస్‌బీజీ 2లోనే. రెండూ ఒకే రాత్రి పోయాయి.

భౌతికంగా వేరు అంటే వేరే ఊరని అర్థం కాదు అని సంస్థ వాదించింది. అగ్నిప్రమాదం మా చేతిలో లేని విపత్తు అనీ వాదించింది. 2023 జనవరిలో లీల్ వాణిజ్య న్యాయస్థానం ఆ వాదనలు ఒప్పుకోలేదు. అలాంటి ముప్పు నుంచి కాపాడడానికే కదా బ్యాకప్ అమ్మింది అన్నది తీర్పు సారం. సుమారు లక్ష యూరోలు చెల్లించమంది. మంటకూ ఆ తీర్పుకూ మధ్య గడిచింది దాదాపు రెండేళ్లు. పైగా డబ్బు వస్తుంది గానీ డేటా రాదు కదా.

ఇక్కడ క్లాబా అన్న ఇంకో మాట గుర్తుచేయాలి. కొంతమంది కస్టమర్లకు తాము కొన్నదేమిటో సరిగ్గా తెలియదని అర్థమవుతోంది, ఇకముందు అందరికీ బ్యాకప్ ఇస్తామని ఆ వీడియోలోనే చెప్పాడు. కస్టమర్లను తప్పుపట్టినట్టు వినిపిస్తుంది. కానీ నిజం కూడా ఉంది. తాను కొన్నదేమిటో రీసెల్లర్‌కే తెలియకపోతే, తాను అమ్ముతున్నదేమిటో క్లయింట్‌కు ఏం చెబుతాడు?

మంట కంటికి కనపడే శత్రువు. కనపడనిదానికి ఇంకో గాథ ఉంది. అది రీసెల్లర్ల గాథే.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో వెర్ండ్లే సోదరులు కార్ల్, అలెక్స్ 2002లో డిస్ట్రిబ్యూట్ ఐటీ అనే సంస్థ పెట్టారు. పేరుకు తగ్గట్టే టోకు వ్యాపారం. డొమైన్లు, హోస్టింగ్ రీసెల్లర్లకు అమ్మడం, వాళ్లు తమ క్లయింట్లకు అమ్ముకోవడం. 2011 జూన్ 11, శనివారం సాయంత్రం. సోమవారం రాణి పుట్టినరోజు సెలవు, జనమంతా లాంగ్ వీకెండ్‌లో ఉన్నారు. ఎవడో లోపలికి చొరబడ్డాడు. దోచుకోలేదు, డబ్బు అడగలేదు. తుడిచేశాడు. అరగంట లోపే అంతా అయిపోయింది.

సర్వర్లలో నాలుగింటికి వాతావరణ బీభత్సాల పేర్లు పెట్టుకున్నారు. డ్రాట్, హరికేన్, బ్లిజార్డ్, సైక్లోన్. సిబ్బంది పగలూ రాత్రీ కూర్చుని ఆ డిస్కులలోంచి ఏమైనా రాబట్టగలమా అని పదిరోజులు ప్రయత్నించారు. చివరికి ప్రకటన వెలువడింది. 4,800 సైట్లు, ఖాతాలు తిరిగిరావు. అసలు డేటాతో పాటు దాని బ్యాకప్‌లనూ, స్నాప్‌షాట్లనూ చొరబడ్డవాడు చెరిపేశాడు. అవి కూడా అదే నెట్‌వర్క్‌లో, అదే అధికారంతో అందే చోటే ఉన్నాయి మరి.

కొద్ది వారాల్లోనే సంస్థను నెట్ రిజిస్ట్రీ అనే మరో కంపెనీ తీసుకుంది. దాదాపు పదేళ్లు కట్టిన వ్యాపారం అరగంటలో పోయింది. కార్ల్ వెర్ండ్లే తర్వాత వేదికలెక్కి జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ వచ్చాడు. పోగొట్టుకున్నవాడు దాచుకోకుండా చెప్పడం చాలా పెద్ద మనసు. ఆయన చెప్పబట్టే మిగతావాళ్లు కొందరైనా జాగ్రత్తపడి ఉంటారని నా నమ్మకం.

అంతా ఎప్పుడో 2011 నాటి మాట, ఇప్పుడు కాలం మారిందిలే అనుకోవద్దు. 2023 ఆగస్టు 18న డెన్మార్క్‌లో క్లౌడ్ నార్డిక్ అనే హోస్టింగ్ సంస్థకు ఇదే గతి పట్టింది. సర్వర్లను ఒక డేటా సెంటర్ నుంచి ఇంకో డేటా సెంటర్‌కు తరలిస్తున్నారు. వాటిలో కొన్నింటికి ముందే సోకి, బయటపడకుండా పడి ఉన్న వైరస్ ఉంది. తరలింపులో భాగంగా వాటిని సంస్థ అంతర్గత నెట్‌వర్క్‌కు కలిపారు. అంతే, దుండగులకు తాళాల గుత్తి దొరికినట్టయింది. సర్వర్లు, మొదటి బ్యాకప్, రెండో బ్యాకప్ అన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగారు. ఇవ్వలేం, ఇవ్వం అని సంస్థ చెప్పింది. కస్టమర్లలో అత్యధికుల డేటా పోయింది. మీ దగ్గరేమైనా కాపీలుంటే వెతుక్కోండి అని చెప్పడం మినహా సంస్థ చేయగలిగింది లేకపోయింది.

స్ట్రాస్‌బర్గ్‌లో బ్యాకప్ అదే భవనంలో ఉంది. మెల్‌బోర్న్‌లో, డెన్మార్క్‌లో బ్యాకప్ అదే తాళంచెవి కింద ఉంది. అయినా నమ్మకమైన ప్రొవైడర్‌ను ఎంచుకోవడం అంటే మన దగ్గర ఇప్పటికీ ధరలు పక్కపక్కన పెట్టి చూడడం, ‘99.9 శాతం అప్‌టైమ్’ అన్న బోర్డు చూడడం. ఆ 99.9 పోగా మిగిలిన 0.1 శాతమే ఏడాదికి ఎనిమిది గంటల 45 నిమిషాలు. అది దాటితే ఇచ్చే పరిహారం కూడా అద్దెలో తగ్గింపే. నెలకు 1,500 రూపాయల ప్లాన్ ఒక రోజంతా పడిపోతే దామాషా ప్రకారం వెనక్కొచ్చేది 50 రూపాయలు. క్లయింట్‌కు ఆ రోజు పోయిన బేరంతో ఆ హామీకి సంబంధమే లేదు.

వేగం, సపోర్టు, ప్యానెల్, ఇవన్నీ చూడాల్సినవే, నెల రోజులు వాడితే అవే తెలిసిపోతాయి. ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి టికెట్ పెట్టి చూడండి, ఎంతసేపటికి మనిషి పలుకుతాడో, పలికినవాడికి విషయం తెలుసో లేదో అర్థమవుతుంది. అయితే మీకు అమ్మేవాడు కూడా ఇంకొకరి దగ్గర అద్దెకు తీసుకున్న రీసెల్లర్ కావచ్చు. మీ సర్వర్ ఐపీ చిరునామా ఎవరి పేరు మీద నమోదై ఉందో చూస్తే వెనకున్న అసలు యజమాని తెలుస్తాడు. ఈ పని ఐదు నిమిషాలు పట్టదు. అయినా చేసేవాళ్లు తక్కువ.

బ్యాకప్ విషయంలో మాత్రం ప్రొవైడర్ ఎంత పెద్దవాడైనా నమ్మి వదిలేయకూడదని నేను గట్టిగా అంటాను. క్లయింట్ల సైట్లకు, డేటాబేస్‌లకు, మెయిళ్లకు వేరే సంస్థ దగ్గర, వేరే ఊళ్లో, వేరే లాగిన్ కింద ఇంకో కాపీ ఉండాలి. ఇప్పుడది ఖరీదైన పని కాదు. 2022 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ ముంబైకి తోడు హైదరాబాద్‌లో కూడా కేంద్రం తెరిచింది కాబట్టి, దేశం దాటకుండానే రెండు ఊళ్లు దొరుకుతున్నాయి. ఇందులో ఒక మెలిక ఉంది. చాలామంది సర్వర్‌లోనే ఒక స్క్రిప్ట్ పెట్టి, అదే రోజూ కాపీని బయటికి పంపేలా చేస్తారు. అంటే బయటి గోదాము తాళంచెవి సర్వర్‌లోనే ఉందన్నమాట. సర్వర్‌లోకి చొరబడ్డవాడు ఆ తాళంచెవితో గోదామును కూడా ఖాళీ చేస్తాడు. కాబట్టి బ్యాకప్ యంత్రమే వచ్చి సర్వర్ నుంచి కాపీ తీసుకెళ్లాలి. లేదా ఒకసారి రాసిన కాపీని ఇన్ని రోజుల దాకా ఎవరూ చెరపకుండా నిలిపే సదుపాయం ఉన్న చోట పెట్టాలి.

కాపీ ఉందనుకోవడం ఒకటి, అది పనిచేయడం ఇంకొకటి. నెలకోసారి ఒక క్లయింట్ సైటును ఎంచుకుని, ఎక్కడో ఖాళీ ఖాతాలో మొదటినుంచి నిలబెట్టి చూడాలి. చూస్తే బయటపడే సంగతులు ఇలాంటివే. డేటాబేస్ ఫైలు సగంలో తెగిపోయి ఉంటుంది, ఎందుకంటే మూడు నెలల క్రితం డిస్క్ నిండింది. సైటు తెరుచుకుంటుంది గానీ ఉత్పత్తుల ఫొటోలు ఒక్కటీ రావు, ఆ ఫోల్డర్ బ్యాకప్ జాబితాలోనే లేదు. అన్నీ వస్తాయి, మెయిళ్లు రావు. నర్సింగ్ హోమ్ మెయిల్ బాక్స్‌లో ఐదేళ్ల రిపోర్టులుంటాయి. ఈ లోపాలు మామూలు రోజు మధ్యాహ్నం దొరికితే సరిదిద్దుకోవచ్చు.

డొమైన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెల్‌బోర్న్ సంస్థ చేతిలో డొమైన్లు, హోస్టింగ్ రెండూ ఉన్నాయి. హోస్టింగ్ ఒకరి దగ్గర, డొమైన్ ఇంకొకరి దగ్గర ఉంటే, ఒకటి కూలినా రెండో చోట నుంచి సైటును కొత్త సర్వర్ వైపు మళ్లించవచ్చు. డొమైన్ క్లయింట్ పేరు మీదే రిజిస్టర్ చేయాలి. సౌకర్యం కోసమని తన పేరు మీద పెట్టుకునే డిజైనర్లున్నారు, నాకు అది సమ్మతం కాదు. ఆ పేరు ఆ షాపు ఆస్తి.

ఇవాళ రీసెల్లింగ్ చేస్తున్నవాళ్లు ఒక పని చేయవచ్చు. ప్రొవైడర్‌కు మెయిల్ రాసి అడగండి. నా ఖాతాల బ్యాకప్ ఏ ఊళ్లో, ఏ భవనంలో ఉంటుంది? మీ సర్వర్ పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కితే ఆ బ్యాకప్ కూడా పోతుందా? చివరిసారి ఎప్పుడు రిస్టోర్ చేసి చూశారు? నేరుగా జవాబిచ్చినవాళ్లతో మాట్లాడవచ్చు. ‘బ్యాకప్‌లు కస్టమర్ బాధ్యత’ అని నిబంధనల లింకు పంపితే, కనీసం నిజం చెప్పారు, దాన్ని బట్టి మీ ఏర్పాటు మీరు చేసుకోవచ్చు. ‘మా దగ్గర అలాంటివి జరగవండీ’ అని వచ్చిందంటే మాత్రం వేరే ప్రొవైడర్‌ను వెతకడం ఆ రోజే మొదలుపెట్టాలి.

ఆ జవాబు చేతికొచ్చాక క్లయింట్‌కు ఇచ్చే ఒప్పందం మీద తేట తెలుగులో నాలుగు వాక్యాలు చేర్చాలి. మీ సైటు ఫలానా ఊళ్లో ఉంది, కాపీ ఫలానా ఊళ్లో ఉంది. పడిపోతే ఇన్ని గంటల్లో నిలబెడతాం. అప్పుడు మహా అయితే ఇన్ని గంటల డేటా పోవచ్చు. ఈ కాపీకి ఏడాదికి ఇంత ఖర్చు, వద్దంటే ఇక్కడ సంతకం చేయండి. వద్దనేవాళ్లు కొందరుంటారు, ఉండనివ్వండి. నగల షాపాయనకు ఆ నాలుగు వాక్యాలూ పక్కన కూర్చుని చదివి వినిపించాకే ఈ ఏడాది రెన్యువల్ బిల్లు ఇవ్వాలి.